మత్తు డాక్టరు పోస్టు

(పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, నల్లమల వైపు ఒక చిన్న పట్టణం. మేనత్త అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసింది. మేనకోడలు వనస్థలిపురంలో పుట్టి పెరిగింది, ఈ ఏడాదే అనస్థీషియాలో ఎండీ ముగించింది. దసరా మరునాడు వాకిట్లో కూర్చున్నారు. ఇద్దరి మధ్యా పేపరు, అందులో స్పెషలిస్టు డాక్టర్ల నియామక ప్రకటన. నేను ఇద్దరికీ కావలసినవాడిని. ఎవరి పక్షమూ వహించలేక విన్నది విన్నట్టు రాస్తున్నాను.)

మేనత్త: ఇదిగో బిడ్డా, మన ఊరి ఆసుపత్రి కూడా ఉంది. మత్తు డాక్టరు పోస్టు ఖాళీ. దరఖాస్తు పెట్టు.

మేనకోడలు: చూశాను అత్తమ్మా. పెట్టను.

మేనత్త: అంత ఖరాఖండిగా చెబితే ఎలా? నేను ఉద్యోగంలో ఉండగా ఒక రాత్రి అడవిలోని పెంట, అంటే చెంచుల గూడెం నుంచి ఒక పిల్లను తీసుకొచ్చారు. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. కాన్పుల డాక్టరమ్మ ఉంది. థియేటరు ఉంది. ఆటోక్లేవులోంచి తీసిన పరికరాల డ్రమ్ము ఇంకా వేడిగా ఉంది. మత్తు ఇచ్చే మనిషి లేదు. చీటీ మీద ‘రెఫర్’ అని రాసి 108 ఎక్కించాం. ఎక్కించేటప్పుడు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది, వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకోవలసి వచ్చింది. తల్లి బతికింది, బిడ్డ దారిలోనే పోయింది. మత్తు ఇచ్చే బాయిల్స్ మిషను మాత్రం పచ్చ గుడ్డ కప్పుకుని మూలన ఉండేది. నెలకొకసారి ఆ గుడ్డ ఉతికి మళ్లీ కప్పేవాళ్లం.

మేనకోడలు: ఆ బిడ్డను తలచుకుంటే నాకూ కడుపు తరుక్కుపోతుంది. కానీ ఒక్క మాట. సిజేరియన్‌కు వెన్నులో సూది వేస్తే చాలు, ఆ మిషనుతో పని ఉండదు. ఆ సూది మత్తు సరిగా ఎక్కకపోయినా, రక్తం ఎక్కువగా పోయి బీపీ పడిపోయినా అప్పుడు కావాలి మిషను. అప్పుడే రక్తం కూడా కావాలి. 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచే ఫ్రిజ్, కరెంటు పోతే జనరేటరు, గ్రూపు సరిచూసే టెక్నీషియను ఉండాలి. పుట్టిన బిడ్డ ఏడవకపోతే పిల్లల డాక్టరు ఉండాలి. వీళ్లెవరూ లేకుండా నన్ను ఒక్కదాన్ని తెచ్చి నిలబెడితే, ఇప్పుడు దారిలో జరిగే చావు రేపు బల్ల మీద జరుగుతుంది. ఆ రోజు బయట వంద మంది నిలబడి అడిగేది నన్నే.

మేనత్త: అందరూ వచ్చేదాకా నేను రానని ఒక్కొక్కరూ అంటే ఎవరూ రారు. మొదట ఒకరు వస్తేనే కదా రెండోవారిని అడిగే నోరు మాకు ఉండేది?

మేనకోడలు: ఆ మొదటి ఒకరికి ఏడాదిలో ఎన్ని రాత్రులు నిద్ర ఉంటుందో లెక్క వేశావా? కాన్పులకు వేళాపాళా లేదు. ఒక్కరే ఉంటే 365 రోజులూ డ్యూటీ ఆ ఒక్కరిదే. మొదటి ఆరు నెలలు ఉత్సాహంగా చేస్తారు. తర్వాత హైదరాబాదు నుంచి పొద్దున బస్సులో వచ్చి, హాజరు వేసి, సాయంత్రం బస్సుకు పోతారు. అలాంటివాళ్లను నువ్వు చూడలేదా?

మేనత్త: చూశాను. వాళ్ల మీద కోపం కూడా తెచ్చుకున్నాను. జీతం చాలకనే కదా అలా? ఛత్తీస్‌గఢ్‌లో ‘ఎంత కావాలో మీరే అడగండి, మేము ఇస్తాం’ అని స్పెషలిస్టులను పిలిచారట. ఇక్కడా అలాగే పిలవమను. ఒక తల్లి ప్రాణం కన్నా ఎక్కువా డబ్బు?

మేనకోడలు: డబ్బు వద్దనడం లేదు. 2022 నుంచి ప్రభుత్వంలో కొత్తగా చేరే డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసు లేదు. అది సబబే, వార్డులో ఉండవలసినవాళ్లు వార్డులో ఉండాలి. అలాంటప్పుడు దూరం వచ్చేవాళ్లకు జీతం పెంచే తీరాలి. కానీ డబ్బు ఒక్కటే చూపించి తెస్తే అది వేలంపాట. ఇంకో ఊరు ఎక్కువ పాడితే అటు పోతారు. అందుకే నా మాట, ఇక్కడి పిల్లలనే డాక్టర్లను చేయాలి. జపాన్‌లో 1972లో జిచి అని ఒక వైద్య విశ్వవిద్యాలయం పెట్టారు. ఒక్కో ప్రాంతం నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలను తీసుకుంటారు. తొమ్మిదేళ్లు సొంత ప్రాంతంలో పనిచేస్తే చదువు ఖర్చు కట్టనక్కర లేదు. పల్లెలో పుట్టినవాళ్లు పల్లెకు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2010లోనే రాసింది. మనకు ఇప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తిలో వైద్య కళాశాలలు ఉన్నాయి కదా.

మేనత్త: ఉన్నాయి. 2022లో మొదలైనప్పుడు ఊరంతా సంబరపడ్డాం. కానీ సీటు నీట్ ర్యాంకును చూసి ఇస్తారు, కాలేజీ ఏ ఊళ్లో ఉందో చూసి కాదు. అమ్రాబాద్ పిల్లకు కోచింగ్ ఎక్కడిది? వచ్చిందే అనుకో. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, పీజీ మూడేళ్లు. ఎనిమిదిన్నరేళ్లకు తయారవుతుంది నీ మత్తు డాక్టరు. కాన్పు తొమ్మిది నెలలే ఆగుతుంది బిడ్డా.

(మేనకోడలు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ మాటకు జవాబు ఎవరి దగ్గరా లేదు.)

మేనకోడలు: నిజమే.

మేనత్త: ఇంకో మాట అంటాను, నొచ్చుకోకు. పాలమూరు కూలీ ఎక్కడికి పోలేదు? నాగార్జునసాగర్ దగ్గర మట్టి మోశారు, బొంబాయిలో రోడ్లు వేశారు. క్వార్టర్సు ఉన్నాయా, బడి ఉందా అని అడిగి బస్సు ఎక్కారా? ఇంత మందిని పంపిన జిల్లాకు ఒక్క డాక్టరు రావడానికి ఇన్ని షరతులా?

మేనకోడలు: అత్తమ్మా, అడగలేకపోయారు కాబట్టే ఎక్కారు. వాళ్ల పిల్లల చదువు ఏమైంది? బడి మాన్పించి వెంట తీసుకుపోయారు, లేకపోతే ముసలివాళ్ల దగ్గర వదిలి పోయారు. వలసంటే ఏమిటో మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మీరే నన్ను వలస రమ్మని పిలుస్తూ, నా మూడేళ్ల పాప ఎక్కడ చదువుతుందని, మా ఆయన ఉద్యోగం ఏమవుతుందని అడగకపోతే ఎలా?

(అత్త చాలాసేపు మాట్లాడలేదు. పేపరు మడిచి మోకాలి కింద పెట్టుకుంది. ఆమె భర్త భీవండి మరమగ్గాల దగ్గర పదకొండేళ్లు పనిచేశాడు. కూతురిని ఆమె ఒక్కతే పెంచింది.)

మేనత్త: అడగవలసిందే. తప్పు నాదే. సరే, ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చేస్తే వస్తావు?

మేనకోడలు: మత్తు డాక్టర్లు ఇద్దరు ఉండాలి. పదిహేను రోజులు ఒకరు, పదిహేను రోజులు ఇంకొకరు. ఇక్కడ ఉన్న రోజులు పూర్తిగా ఇక్కడే ఉంటాం. క్వార్టర్సులో నీళ్లు రావాలి, తలుపుకు గడియ ఉండాలి. రక్తం నిల్వ చేసే ఫ్రిజ్ నడుస్తూ ఉండాలి. మూడేళ్లు చేశాక కోరుకున్న చోటికి బదిలీ ఇస్తామని కాగితం మీద రాసివ్వాలి. పీహెచ్‌సీలో పనిచేసే ఎంబీబీఎస్ డాక్టరుకు పీజీ సీట్లలో కోటా ఉంది. ఆ కోటా పెట్టుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకని వాళ్లు వస్తున్నారు. పీజీ అయిపోయి వచ్చేవాళ్లకు ముందేం ఉంది? ఇక్కడికి వస్తే ఇక్కడే మరిచిపోతారన్న భయం తప్ప.

మేనత్త: మూడేళ్లకు పోతావా?

మేనకోడలు: పోవచ్చు, పోకపోవచ్చు. పోయే దారి తెరిచి ఉంటేనే ఉండబుద్ధి అవుతుంది.

మేనత్త: మూడేళ్లు. రాత్రి పూట ‘రెఫర్’ అని రాయకుండా మూడేళ్లు. నా ఉద్యోగం మొత్తంలో అలాంటివి మూడు నెలలు కూడా చూడలేదు.

మేనకోడలు: ఆ మిషనుకు ఆక్సిజన్ సిలిండరా, పైపులైనా?

మేనత్త: పైపులైనే. కరోనా తర్వాత వేశారు.

మేనకోడలు: మత్తు మందును ఆవిరి చేసే వేపరైజరు ఎప్పుడు సర్వీసింగ్ చేయించారో తెలుసా?

మేనత్త: నాకు తెలియదు. ఇప్పుడున్న సిస్టరు నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే. కనుక్కుంటాను. నీ బ్యాచిలో ఇంకెవరైనా ఉన్నారా, ఇటు రాగలిగినవాళ్లు?

మేనకోడలు: మక్తల్ అమ్మాయి ఒకతె ఉంది. ఇద్దరం కలిసి పెడితే ఒకే ఆసుపత్రికి ఇస్తారా అన్నది ముందు తేలాలి.

మేనత్త: చివరి తేదీ పై సోమవారం. (మోకాలి కింద నుంచి పేపరు తీసి, మడత విప్పి, ప్రకటన ఉన్న వైపు పైకి పెట్టింది.)