బొమ్మలు జపాన్‌వి, పాట మనది, మరి ఎడిట్ ఎవరిది?

అనిమే ఎడిట్లు, అంటే జపాన్ యానిమేషన్ దృశ్యాలను కోసి ఒక పాటకు అతికించిన వీడియోలు, చేసే పిల్లలకు ఇంట్లో ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: “బొమ్మలు ఎవరో గీశారు, పాట ఎవరో పాడారు. ఇందులో నువ్వు చేసిందేముంది?” విజయవాడ, గుంటూరు వైపు మనం మాత్రం ఈ మాట అనకూడదు. తెనాలి పరిసరాల్లో పద్యనాటకాలు చూసినవాళ్లకు తిరుపతి వేంకట కవుల పద్యాలు కంఠతా వచ్చు. కృష్ణుడు నోరు తెరవకముందే ఏ పద్యమో ముందు వరుసలోని పెద్దాయనకు తెలుసు. అయినా వన్స్‌మోర్ అంటాడు. రాగం ఎక్కడ లాగాడు, ఏ మాట దగ్గర ఆగాడు అన్నది వినడానికే వచ్చాడాయన. పద్యం ఎవరిదైనా ఆ ఆపు మాత్రం నటుడి సొంతం. ఎడిట్‌లో కోత కూడా అంతే సొంతమని నా వాదన.

అనిమే మ్యూజిక్ వీడియో, పిల్లల భాషలో ఏఎంవీ, నిన్నమొన్నటి రీల్స్ పిచ్చి కాదు. 1982లో జిమ్ కపోస్టాస్ అనే 21 ఏళ్ల అమెరికన్ కుర్రాడు రెండు వీసీఆర్‌లు కలిపి, ఒక జపనీస్ అంతరిక్ష యుద్ధాల సీరియల్‌లోంచి ఘోరమైన దృశ్యాలన్నీ ఏరి, ప్రేమ ఒక్కటి చాలని చెప్పే బీటిల్స్ పాట కింద పరిచాడు. తొలి ఏఎంవీగా చెప్పేది దాన్నే. ఆ సీరియల్‌లో ఆ వెటకారం లేదు, ఆ పాటలోనూ లేదు. రెండిటినీ పక్కపక్కన పెట్టినవాడి బుర్రలోంచి వచ్చింది.

పని ఎంతుంటుందో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. మా అక్క కూతురు గుంటూరులో బీటెక్ చదువుతోంది. ఎడిట్లన్నీ ఫోన్‌లో, అలైట్ మోషన్ అనే ఎడిటింగ్ యాప్‌లోనే చేస్తుంది. ఒక యుద్ధాల సిరీస్‌లోంచి అన్న పాత్రను తీసుకుంది. అందరూ అందులో కొట్లాటలు ఏరుకుంటే, తను చెల్లెలికి అన్నం పెట్టడం, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడం, వానలో నిలబడడం ఏరింది. పాట ఒక తెలుగు జోలపాట. చిక్కేమిటంటే, మంచి షాట్లన్నిటిలోనూ అన్న ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. జోలపాట వస్తుంటే వేరే మాటకు పెదాలు కదిలితే పొసగదు. కొన్నిచోట్ల కళ్లు మాత్రమే మిగిలేలా జూమ్ చేసింది. ఒకచోట మూసిన పెదాలున్న ఫ్రేమ్‌లోంచి నోరు మాత్రం కత్తిరించి ఇక్కడ అతికించింది. రెండుచోట్ల పెదాల కదలిక పాట మాటకు సరిపోయింది. అక్కడ అన్నే పాడుతున్నట్టుంటుంది. నాకు చూపిస్తూ, “దరువు కంటే ఒక్క ఫ్రేమ్ ముందు కోశాను మామయ్యా, లేకపోతే లేటుగా అనిపిస్తోంది” అంది.

సెకనుకు ఫ్రేములు 24. కానీ అనిమేలో చాలాచోట్ల ఒకే బొమ్మను రెండు, మూడు ఫ్రేముల పాటు ఉంచుతారు. అంటే సెకనుకు 12 బొమ్మలు, ఒక్కోసారి ఎనిమిదే. అందుకే స్లోమోషన్ చేస్తే కదలిక తడబడుతుంది. మధ్య బొమ్మలను సాఫ్ట్‌వేర్‌తో పుట్టిస్తే చేతుల చుట్టూ మరకల్లాంటివి వస్తాయి. ఎక్కడ ఆ తడబాటును ఉంచాలి, ఎక్కడ సాఫీ చేయాలి అన్నది చేసేవాళ్ల అభిరుచే తేల్చాలి.

ఇంతా చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. ఫోన్‌లో కనిపించే ఎడిట్లలో చాలావాటికి ఆ పెద్దల ప్రశ్న సరిగ్గా సరిపోతుంది. ఎవరో చేసిపెట్టిన ఎఫెక్టుల మూస, అంటే ప్రీసెట్, దించుకోవడం, క్లిప్ మార్చడం, వేగం పెంచి తగ్గించే వెలాసిటీ, తెర ఊపే షేక్, మెరుపులాంటి ఫ్లాష్, ముప్పై సెకన్లలో అయిపోవడం. హీరోల పుట్టినరోజు స్టేటస్ వీడియోలకూ వాటికీ తేడా ఉండదు. నేర్చుకునే రోజుల్లో ప్రీసెట్ తప్పేం కాదు, కానీ అక్కడే ఉండిపోతే చేయి తిరుగుతుందేమో గానీ చెప్పడానికి ఏమీ మిగలదు. పాట మొత్తం పెట్టి చూడమనండి. మూడు, నాలుగు నిమిషాలు నడపాలంటే పల్లవి రెండోసారి వచ్చినప్పుడు దానికి కొత్త అర్థం కావాలి, రెండో చరణానికి కొత్త సంగతి కావాలి. ఆ పాత్ర గురించి మనకంటూ ఒక అభిప్రాయం లేకపోతే ఒకటిన్నర నిమిషం దగ్గరే చేతులెత్తేస్తాం.

కాపీరైట్ టెన్షన్ నిజమైనదే. 2005లో విండప్ రికార్డ్స్ అనే అమెరికా పాటల కంపెనీ అడగడంతో ఏఎంవీల పెద్ద వేదిక ఒకటి ఆ కంపెనీ గాయకుల పాటలున్న వీడియోలను తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు యూట్యూబ్‌లో ఇతరుల పాటలను, దృశ్యాలను గుర్తుపట్టే పనిని కంటెంట్ ఐడీ అనే సాఫ్ట్‌వేర్ తనంతట తనే చేస్తుంది. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వార్తలకు మినహాయింపు ఇస్తుంది గానీ ఇలాంటి ఎడిట్ల ఊసెత్తదు. ఎడిట్‌తో డబ్బు సంపాదించాలనుకునే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి.

అయితే అదే సెక్షన్‌లో మన కాలేజీలు పట్టించుకోని వెసులుబాటు ఒకటుంది. విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా, విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులే ప్రేక్షకులుగా సినిమాలు, సౌండ్ రికార్డింగులు ప్రదర్శించడానికి అనుమతి ఉంది. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ అనే అనిమే సినిమా తెలుగు మాటలతోనూ థియేటర్లకు వచ్చింది. పిల్లలు ఏం చూస్తున్నారో తెలియదని లెక్చరర్లు ఇక అనలేరు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్టుల్లో షార్ట్‌ఫిల్మ్‌ల పోటీ పక్కనే ఎడిట్ల పోటీ ఒకటి పెట్టండి. పాట పూర్తిగా ఉండాలి, క్లిప్పులు, పాట ఎక్కడివో చివర వేయాలి, ప్రీసెట్ వాడితే చెప్పాలి. ఆడిటోరియంలో తల్లిదండ్రులను ముందు వరుసలో కూర్చోబెట్టండి. వీడియో అయ్యాక ఆ కోత అక్కడే ఎందుకు పడిందో చేసినవాళ్లనే వేదికెక్కి చెప్పమనండి.