శుద్ధ క్లెజ్మర్ తయారుచేయు విధానం

తూర్పు యూరప్ యూదుల పెళ్ళి సంగీతం క్లెజ్మర్ కల్తీ అయిపోయిందట. పొరుగువాళ్ళ సొమ్ము ఏరిపారేస్తే అసలు సరుకు తేలుతుందని శుద్ధివాదుల మాట. న్యాయమైన కోరికే. కనుక ఇందుమూలముగా ఏరివేత విధానం తెలియజేయడమైనది.

ముందు దోయినా. తాళం లేకుండా సాగే ఈ ఆలాపన రొమేనియా గొర్రెల కాపరులది; మందతో సహా అటు తోలేయాలి. దెబ్బలు 3+3+2గా నడిచే నాట్యబాణీ బుల్గార్ మోల్దావియాది. అది పోతే అమెరికా చేరిన క్లెజ్మర్ వాళ్ళ న్యూయార్క్ పాత రికార్డుల పెట్టె బాగా తేలికవుతుంది, మోసేవాళ్ళకు సుఖం. కుంటినడక నాట్యం హోరా కూడా అటువైపుదే. మూడు దెబ్బల్లో రెండోది కొట్టకూడదు, కొడితే వాల్ట్‌జ్ అయి కూర్చుంటుంది. ఆ రెండో దెబ్బను మాత్రం శుద్ధివాదులు ఉంచుకోవచ్చు. అందులో ఏమీ లేదు గనక ఎవరూ తిరిగి అడగరు.

క్లారినెట్ జర్మనీలో పుట్టింది, ఈ మేళంలోకి 19వ శతాబ్దంలో వచ్చింది. పంపేయండి. క్లెజ్మర్ క్లారినెట్ ఘనుడు నఫ్తులే బ్రాండ్‌వైన్ అంతటివాడు ఉత్త చేతులతో నిలబడతాడు, అంతేగా!

ఇక స్వరాలు. ఉక్రెయినియన్ డోరియన్ అనే స్వరవరుసకు పేరులోనే చిరునామా ఉంది. మెట్లు చూస్తే మన హేమవతి రాగం. ఫ్రేయ్‌గిష్ అనే మరో వరుస అయితే స రి1 గ3 మ1 ప ద1 ని2, అంటే 14వ మేళకర్త వకుళాభరణం. "మనదే ఎత్తుకెళ్ళారు" అని వాట్సాప్ పండితులు లేస్తారు. ఆగండి. మెట్లు కలిసినంత మాత్రాన రాగం కాదు. అక్కడ మన గమకం లేదు, క్రెఖ్‌ట్స్ ఉంది. ఫిడేలు మీద స్వరం తోక దగ్గర ఖాళీగా ఉన్న వేలితో తీగను ముట్టీముట్టనట్టు తాకి గొంతు నొక్కేయాలి, వెక్కిళ్ళు పెట్టినట్టు. వేలు గట్టిగా పడిందా, పైస్వరం ఖంగున మోగుతుంది. ఏడుపు కాస్తా నగిషీ అయిపోతుంది.

చివరికొక చిక్కు. 1993లో హంగరీ బృందం ముజికాష్ ట్రాన్సిల్వేనియా యూదుల బాణీలతో ఆల్బమ్ చేసింది. వాయించే యూదులు నాజీల మారణకాండతో లేకుండా పోయారు. బాణీలు మాత్రం యుద్ధానికి ముందు వాళ్ళ పెళ్ళిళ్ళలో వాయించిన రోమా (జిప్సీ) కళాకారుల దగ్గర మిగిలాయి. ఫిడేలు ఘియోర్గె కోవాచ్‌ది, పుల్లలతో కొట్టే తీగవాద్యం సింబలోమ్ ఆర్పాద్ టోనిది. వీళ్ళను ఏరివేత జాబితాలో ఎన్నో నంబరు కింద వేయాలో శుద్ధివాదులు ఇంకా తేల్చలేదు.