ఇద్దరికీ రూల్స్ ఉంటే సమానమైపోతుందా?

డ్రెస్ కోడ్ మీద మాట మొదలవగానే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: మగవాళ్లకీ రూల్స్ ఉన్నాయి కదా, వాళ్లు టై కట్టుకోవడం లేదా అని. అమెరికాలో ఒక కోర్టు కూడా దాదాపు ఇదే మాట అంది. రీనోలోని ఒక క్యాసినో బార్‌లో ఇరవై ఏళ్లపాటు పనిచేసిన డార్లీన్ జెస్పర్సన్, ఆడవాళ్లు మేకప్ వేసుకుని తీరాలన్న కొత్త నిబంధనకు ఒప్పుకోక ఉద్యోగం పోగొట్టుకుంది. మగవాళ్లేమో జుట్టు కాలర్ దాటనివ్వకూడదు, మేకప్ వేసుకోకూడదు. ఆడవాళ్లకు మాత్రం పౌడర్, మస్కారా, లిప్‌స్టిక్, రోజూ స్టైల్ చేసిన జుట్టు. భారం ఆడవాళ్ల మీదే ఎక్కువ పడుతోందనడానికి సాక్ష్యం లేదంటూ 2006లో అప్పీళ్ల కోర్టు మెజారిటీ తీర్పుతో ఆమె కేసు కొట్టేసింది. మేకప్‌కి డబ్బూ టైమూ ఖర్చవుతాయని చెప్పడానికి సాక్ష్యం కావాలా! ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చదవండి: మగవాళ్లది దాదాపుగా 'వద్దు'ల జాబితా, ఆడవాళ్లది 'చెయ్యాలి'ల జాబితా. ఒకరు శుభ్రంగా ఉంటే చాలు, ఇంకొకరు చూడ్డానికి బాగుండాలి. అది కూడా ఉద్యోగంలో భాగమే, జీతం మాత్రం దానికి విడిగా రాదు.

ఆటల్లో ఈ తేడాని టేపుతోనే కొలిచేవారు. బీచ్ హ్యాండ్‌బాల్‌లో ఆడవాళ్ల బికినీ బాటమ్ పక్కన వెడల్పు 10 సెంటీమీటర్లు మించకూడదు, మగవాళ్ల షార్ట్స్ మోకాలికి 10 సెంటీమీటర్లు పైన ఉంటే చాలు. అదే ఇసుక, అదే బంతి. 2021లో నార్వే అమ్మాయిలు షార్ట్స్ వేసుకుని ఆడితే 1500 యూరోల జరిమానా పడింది, గొడవ పెద్దదయ్యాక అంతర్జాతీయ సమాఖ్య ఆ నిబంధన మార్చుకుంది. అయితే ఒంటిని కప్పనివ్వకపోవడం ఒక్కటే సమస్య అనుకుంటే పొరపాటే, ఎందుకంటే 2018 ఫ్రెంచ్ ఓపెన్‌లో సెరెనా విలియమ్స్ ఒళ్లంతా కప్పే నల్ల సూట్ వేసుకుంటే, రక్తం గడ్డకట్టే సమస్యకి అది పనికొస్తుందని ఆమె చెప్పినా, ఆటని గౌరవించాలంటూ ఇకమీదట అలాంటివి ఒప్పుకోబోమన్నారు అక్కడి టెన్నిస్ సమాఖ్య అధ్యక్షుడు. తక్కువైతే ఒక చోట రూలు, ఎక్కువైతే ఇంకో చోట అభ్యంతరం. ఆడేవాళ్లకి ఏది వీలుగా ఉందో అడిగినవాళ్లు మాత్రం లేరు. అడిగితే కొందరు బికినీయే కావాలంటారు, అదీ సరే, 2012లో బీచ్ వాలీబాల్‌లో షార్ట్స్‌కి అనుమతి వచ్చాక కూడా చాలామంది బికినీలోనే ఆడారు.

మగవాళ్లకి ఇబ్బంది లేదనీ కాదు. 2017లో ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో బస్సు డ్రైవర్లు ఎండకి తట్టుకోలేక, షార్ట్స్‌కి అనుమతి లేదు కాబట్టి, ఆడవాళ్లకి అనుమతించిన స్కర్టులు వేసుకుని డ్యూటీకి వచ్చారు. నిరసనే అయినా నవ్వొస్తుంది. మోకాళ్లు కనిపిస్తే బస్సు నడవదా?

ఇద్దరికీ ఒకే రూల్ పెట్టేస్తే సరిపోతుందనేవాళ్లు వింబుల్డన్ వైపు చూడాలి. అక్కడ తెలుపు అందరికీ ఒకటే, లోదుస్తులు బయటికి కనిపిస్తే వాటికీ అదే రంగు. నెలసరి రోజుల్లో తెల్లబట్టలతో కోర్టులో దిగే టెన్షన్ మాత్రం ఒకరికే ఉండేది. ఆడవాళ్లు ముదురు రంగు అండర్‌షార్ట్స్ వేసుకోవచ్చని నిర్వాహకులు ఒప్పుకున్నది 2023 టోర్నీ నుంచి, అదీ స్కర్టు కంటే పొడవు ఉండకూడదన్న షరతుతో.