మహారాజశ్రీ ఎస్‌ఓపీ గారికి, కడప నుంచి

మహారాజశ్రీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ గారి సముఖానికి, కడప నుంచి ఒక బీఏ స్పెషల్ ఇంగ్లీష్ అమ్మాయి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ డిసెంబర్ చలి బాగానే ఉంది, నీ డెడ్‌లైన్ పుణ్యమా అని నాకు మాత్రం తెల్లవారుజామున కూడా చెమటలు పడుతున్నాయి.

ఈ గారూ గీరూ ఇక్కడితో ఆపేస్తున్నా. అమెరికా యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు, ఈ చదువు నాకెందుకో చెప్తూ రాసివ్వాల్సిన వ్యాసానివి నువ్వు, మన పరిచయం నిన్నా మొన్నటిది కాదు కదా. ఇప్పటికి పద్నాలుగు సార్లు నిన్ను రాశాను. అందులో ఒక్కటీ నా పేరు మీద కాదు.

అదెట్లాగంటే, మా చుట్టాల్లో, మా వీధిలో, మా అన్న స్నేహితుల్లో ఎవరు ఎంఎస్‌కి పోవాలన్నా చివరికి మా తలుపే కొడతారు. "నువ్వు ఇంగ్లీషే కదమ్మా చదివేది, రెండు పేజీలు, అరగంట పని" అంటారు. మొదటి కేసు మా బావ. డేటా సైన్స్. "చిన్నప్పటి నుంచీ డేటా అంటే ప్రాణం అని రాయి" అన్నాడు. చిన్నప్పుడు బావకి ప్రాణం గోలీలు, ఆ తర్వాత క్రికెట్, ఇంటర్‌లో ఇంకొకటి ఉండేది గానీ అది రాయను, ఇప్పుడు పెళ్ళయింది పాపం. డేటా అంటే బావకి తెలిసింది రోజుకి ఒకటిన్నర జీబీ, అది సాయంత్రానికే అయిపోయేది. సరే, ఆ సంగతే కొంచెం తిప్పి, పరిమిత వనరులతో సమాచారాన్ని నిర్వహించడం నాకు చిన్ననాటి నుంచే అలవాటు అని ఇంగ్లీషులో రాసిచ్చా. అడ్మిట్ వచ్చింది!

తర్వాత ఎదురింటి వాళ్ళబ్బాయి. నాలుగు బ్యాక్‌లాగులు. వైఫల్యం నాకు పట్టుదల నేర్పిందని రాశా, నిజానికి ఆ నాలుగూ వాడికి నేర్పింది ఫీజు కట్టే చివరి తేదీ గుర్తుపెట్టుకోవడం ఒక్కటే. ఆ తర్వాత అన్న ఫ్రెండ్ ఒకతను. ఆయనకి మా వీధిలో నీళ్ళ ట్యాంకర్ కోసం గొడవపడే ఆడవాళ్ళని చూసి మెషిన్ లెర్నింగ్ మీద ఆసక్తి పుట్టింది. ఆ ట్యాంకర్ని పుట్టించింది నేను. ఆయన జీవితంలో ఎప్పుడూ బిందె పట్టుకుని నిలబడలేదు, నిలబడింది వాళ్ళమ్మ. ఇప్పుడు టెక్సాస్‌లో ఉన్నాడు. పద్నాలుగింటికీ కలిపి నాకు ముట్టింది మూడు బిర్యానీలు, ఒక రీచార్జ్, ఒక స్మార్ట్ వాచ్ వాగ్దానం. వాచ్ ఇంకా దారిలోనే ఉంది.

ఇట్లా నలుగురికీ నువ్వు చెప్పినట్టు ఆడిన దాన్ని, నా వంతు వచ్చేసరికి నువ్వు నన్ను ఇట్లా ఏడిపిస్తావని అనుకోలేదు. పద్నాలుగు మందిని నా మాటలతో సాగనంపాను కదా, పదిహేనో మనిషిని నేనే అయితే ఏం పోయింది అనిపించింది. అమెరికాలో ఎంఏ ఇంగ్లీష్. ఇంట్లో చెప్పా. నాయన కాసేపు ఆలోచించి, "ఇంగ్లీషులో ఎమ్మేకి అంత దూరం ఎందుకమ్మా, ఇప్పుడు మన ఎల్‌కేజీ పిల్లోళ్ళు కూడా మాట్లాడుతున్నారు కదా" అన్నాడు. కన్సల్టెన్సీ ఆయన ఇంకా సూటిగా చెప్పాడు: "స్టెమ్, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సు కాదు కదమ్మా, ఓపీటీ, అదే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, పన్నెండు నెలలే. స్టెమ్ అయితే ఇంకో ఇరవై నాలుగు కలిసేవి." నాలుగేళ్ళు చదివిన సాహిత్యానికి ఒక్క వాక్యంలో లెక్క తేల్చిన విమర్శకుణ్ణి నేను ఆ రోజే చూశా. పైగా వాళ్ళ దగ్గర ఉన్న ఎస్‌ఓపీ నమూనాల్లో ఇంగ్లీష్‌కి ఏదీ లేదు, కంప్యూటర్ సైన్స్‌దే ఇచ్చి, "సబ్జెక్ట్ పేరు మార్చుకోండి" అన్నాడు. మార్చి చూశా. చిన్నప్పుడు నాన్న కొన్న కంప్యూటర్ని విప్పి చూసినప్పటి నుంచి నాకు ఇంగ్లీష్ సాహిత్యం మీద మక్కువ అని వచ్చింది. నిజం చెప్పాలంటే, నేను చూసిన ఎస్‌ఓపీల్లో అది మరీ అంత చెడ్డదేమీ కాదు.

మా జేజి, అదే నాయనమ్మ, ఒక్కతే అసలు ప్రశ్న వేసింది. అక్కడ కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎంఏ చదివే వాళ్ళకే మొదటి ఏడు డిగ్రీ పిల్లలకి వ్యాసాలు రాయడం నేర్పే పని ఇస్తారు, దానికి ఫీజు మాఫీ చేసి నెలనెలా కొంత డబ్బు కూడా ఇస్తారు, నేను అట్లాంటి చోట్లకే పెడుతున్నా అని చెప్పా. జేజి తమలపాకు నమలడం ఆపి, "ఏం మేయ్, తెల్లోళ్ళకి ఇంగ్లీషు రాదా?" అంది.

ఈ సందర్భంగా ఇక్కడ ఎంఏ సీటుకి రాసే మన ఎంట్రన్స్ పరీక్ష పీజీసెట్‌ని తలుచుకోకపోతే పాపం తగులుతుంది. నేను అదీ రాశా. వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు, ప్రతిదానికీ నాలుగు ఆప్షన్లు. ఆంగ్ల కవిత్వానికి పితామహుడు ఎవరు, ఫలానా కవి ఏ యుగం వాడు, ఈ పంక్తిలో ఉన్న అలంకారం ఏది. నువ్వెందుకొచ్చావమ్మా అని మాత్రం ఎవ్వరూ అడగలేదు. ఆ పితామహుడు చాసర్ 1400లో పోయాడని తెలిస్తే చాలు, ఆయన పోయినందుకు నాకు బాధ ఉందా లేదా అన్నది వాళ్ళకి అనవసరం. అప్పట్లో విసుక్కున్నా గానీ, ఇప్పుడు ఆ పరీక్ష మీద ఎంత గౌరవం పెరిగిందో చెప్పలేను. నువ్వేమో దానికి సరిగ్గా తిరగబడి పుట్టావు. చాసర్ సంగతి నీకక్కర్లేదు, నాకెందుకు ఇదంతా అన్న ఒక్క ముక్కే కావాలి, అదీ వెయ్యి పదాల్లోపు, చిన్నతనంలో మొదలై పీహెచ్‌డీ దాకా రైలు పట్టాల్లాగా ఎక్కడా వంకర లేకుండా.

కాలిఫోర్నియా వైపు కొన్ని చోట్ల నువ్వొక్కదానివే చాలవని నీ చెల్లెల్ని కూడా తోలుకొస్తావు, పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని. అక్క లక్ష్యాలు అడిగితే చెల్లెలు కష్టాలు అడుగుతుంది. పెళ్ళిచూపులకి వచ్చిన అత్తా ఆడబిడ్డల్లాగా ఇద్దరూ చెరోవైపు కూర్చుంటారు.

నీ పరివారం గురించి కూడా ఒక మాట. సిఫార్సు లేఖలు మూడు కావాలన్నావు. మా మేడం ఒకరు ఎంతో ప్రేమగా, "నీ గురించి నీకంటే ఎవరికి తెలుసమ్మా, నువ్వే రాసి తీసుకురా, నేను చూసి పెడతా" అన్నారు. అంటే నన్ను నేనే థర్డ్ పర్సన్‌లో మెచ్చుకుంటూ ఒక పేజీ. రాస్తూ రాస్తూ ఒకచోట నాకే సిగ్గేసి ఒక చిన్న లోపం చేర్చా, సమయపాలన లేదని. మేడం అది కొట్టేసి "అద్భుతమైన సమయపాలన" అని పెట్టారు. తర్వాత టోఫెల్. నాలుగేళ్ళు ఇంగ్లీష్ సాహిత్యం ఇంగ్లీషులోనే చదివి (మూడేళ్ళకి ఆపితే అక్కడ చాలా చోట్ల డిగ్రీ కింద లెక్క కట్టరని నాలుగో ఏడు ఆనర్స్ కూడా లాగించా), ఆ భాష నాకు వచ్చని ఒక కంప్యూటర్‌కి హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెప్పుకోవాలి, పక్క సీటు అబ్బాయి తన ఊరి గురించి నా చెవిలో అరుస్తుండగా. ఆ స్కోరు రెండేళ్ళే పనిచేస్తుంది. ఆ తర్వాత నా ఇంగ్లీష్ పులిసిపోతుంది కాబోలు, దోసెల పిండిలాగా. ఇన్నీ దాటి అడ్మిట్ వచ్చిందే అనుకుందాం, నీలో నేను అక్కడి విద్యారంగంలో పాతుకుపోతానని రాసి ఉంటా, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా కిటికీ ముందు నిలబడి చదువవగానే వెనక్కొచ్చేస్తానని నమ్మించాలి. రెండు పర్పసులూ ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్ళాలి, ఏది ఎవరికి చూపించాలో తడబడకుండా.

నిన్న ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీకి పోయి కూర్చున్నా, అక్కడైనా నువ్వు పలుకుతావేమోనని. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే అది. ఆయన 1820లో కడపకి ఉద్యోగానికొచ్చాడు. కంపెనీ ఉద్యోగులంతా ఇక్కడి భాష ఒకటి నేర్చుకుని తీరాలని మద్రాసు గవర్నర్ మన్రో రూలు పెట్టాడు కాబట్టి తెలుగు మొదలుపెట్టాడు. అంతే. పర్పస్ ఏంటంటే ఉద్యోగం. కలకత్తాలో పుట్టిన నాటి నుంచీ తెలుగంటే ప్రాణమని ఆయన ఎవరికీ రాసివ్వలేదు. తర్వాత ఎప్పుడో, నేర్చుకుంటూ నేర్చుకుంటూ పిచ్చి పట్టింది. పండితులకి జీతాలిచ్చి పెట్టుకుని, తాళపత్రాలు పోగేసి, 1829లో వేమన పద్యాలు అచ్చేసి, 1852 నాటికి నిఘంటువు తెచ్చాడు. ఆయన్ని 1820లో నీ ముందు కూర్చోబెట్టి ఉంటే ఫెయిలయ్యేవాడని నా గట్టి నమ్మకం.

మెకాలే మాత్రం నీకు బాగా నచ్చుతాడు. ఈ దేశంలో ఇంగ్లీష్ చదువే చెప్పాలని 1835లో ఆయన రాసిన మినిట్, అంటే సర్కారుకి రాసిన నోటు, ఉంది చూడు, అది అచ్చంగా ఎస్‌ఓపీయే, మా అందరి తరఫున, మమ్మల్ని అడక్కుండా రాసింది. అంటే ఆయనా నాలాగే ఊరందరికీ రాసిపెట్టినవాడే, బిర్యానీలు మాత్రం కాస్త పెద్దవి ముట్టాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీష్‌కి ప్రత్యేకంగా ఒక స్కూల్ పెట్టుకున్నది 1894లో, అప్పటికే మనవాళ్ళు ఆ పద్యాలు బట్టీ పట్టడం మొదలై ఎన్నో ఏళ్ళయింది. ఇంగ్లీష్ నీకెందుకు అని నన్ను అడిగే ముందు నువ్వు ఆ లెక్క ఒకసారి చూసుకో.

సరే, అడిగావు కాబట్టి చెప్తా. ఇది పద్నాలుగింటిలో ఎక్కడా వాడలేదు, ట్యాంకర్‌లాగా పుట్టించిందీ కాదు.

నేను ఆరో తరగతిలో ఉండగా మా అత్త కువైట్‌కి పోయింది, ఇంటి పనికి. మా వైపు అది వింతేమీ కాదు, మా వీధిలో ఇంటికొకరు పోయినోళ్ళే. పోయే ముందు ఏజెంట్ ఒక కాగితం తెచ్చాడు, ఒకవైపు అరబ్బీ, ఒకవైపు ఇంగ్లీష్. ఇంట్లో ఇంగ్లీష్ మీడియం నేనొక్కదాన్నే. అరుగు మీద కూర్చోబెట్టి చదవమన్నారు. ప్రతి వాక్యంలోనూ "షల్" అని ఉంది. షల్ అంటే భవిష్యత్ కాలం అని మాకు స్కూల్లో చెప్పారు, ఐ షల్ గో అంటే నేను వెళ్తాను. కాబట్టి అంతా భవిష్యత్తులోనే చదివిపెట్టా. అత్త వంట చేస్తుంది, అత్త పిల్లల్ని చూసుకుంటుంది. ఒకచోట, యజమాని అనుమతి లేకుండా వర్కర్ షల్ నాట్ లీవ్ ద హౌస్ అని ఉంది. "అత్త వాళ్ళనడక్కుండా ఇల్లు కదలదు జేజీ" అని చదివా. జేజి ఎంత సంతోషపడిందో! "ఇల్లు కదలదంట, జాగ్రత్తగా ఉంటాదంట" అని వీధంతా చెప్పుకుంది.

డిగ్రీ రెండో ఏడులో గ్రామర్ క్లాసులో మా సార్ బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు. ఐ షల్ అంటే చేస్తాను. షీ షల్ అంటే ఆమె చేసి తీరాలి, అది ఆజ్ఞ. అందరూ నోట్సు రాసుకుంటున్నారు. నేను పెన్ను పట్టుకుని ఊరికే కూర్చున్నా. కదలదు కాదు, కదలకూడదు. అత్త అప్పటికే నాలుగేళ్ళు ఉండి తిరిగొచ్చేసింది, అక్కడి సంగతులు ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు.

ఆ రోజు నుంచే నాకు ఈ పిచ్చి పట్టింది. ఒక చిన్న మాట ఎవరి పక్కన కూర్చుంటే ఎట్లా మారిపోతుంది, అది తెలిసినవాళ్ళు కాగితాలు రాస్తే తెలియనివాళ్ళు వాటిని ఎట్లా చదువుకుంటారు, కథల్లోనూ కవిత్వంలోనూ అదే మాట ఇంకేం చేస్తుంది, ఇదీ నాకు కావలసింది. దీనికి మీ దగ్గర పెద్ద పెద్ద పేర్లున్నాయని తెలుసు, పోస్ట్‌కలోనియల్ అని, ఇంకేదో స్టడీస్ అని. పెడితే అందంగానే ఉంటుంది. పెట్టి చూశా కూడా. పెట్టగానే అత్త కనబడకుండా పోయింది, తీసేశా.

ఇప్పుడు టైము పది దాటింది. డెడ్‌లైన్ మీ అమెరికా ఈస్టర్న్ టైము రాత్రి 11:59, అంటే మాకు ఉదయం 10:29. పోర్టల్లో పేస్ట్ చేస్తే నలభై మూడు పదాలు ఎక్కువున్నాయని ఎర్రగా చూపిస్తోంది. ప్యాషన్ అన్న మాట ఎక్కడైనా ఉంటే తీసేద్దామని వెతికా, లేదు. అత్తని తీసేయాలా, బ్రౌన్ దొరని తీసేయాలా అని ఐదు నిమిషాలు తన్నుకుని, చివరికి దొరనే తీసేశా, లైబ్రరీ వైపు తిరిగి ఒక దండం పెట్టి. ఇంకా ఆరు పదాలు ఎక్కువ. మధ్యలో బావ ఫోన్, వాళ్ళ ఫ్రెండ్‌కి ఎంబీఏ ఎస్‌ఓపీ కావాలంట, అరగంట పనంట. కట్ చేశా.

జేజి పక్కనే కూర్చుని ఉంది. "అంతసేపట్నించి ఏం రాస్తాండావు, చదువు" అంది. తెలుగులో చెప్పుకుంటూ పోయా. అరుగు, ఏజెంటు, కాగితం. ఆ వాక్యం దగ్గరికొచ్చి, "అత్త వాళ్ళనడక్కుండా ఇల్లు కదలకూడదు" అని చదివా.

జేజి కొంచెంసేపు ఏమీ అనలేదు. "అప్పుడట్ల చెప్పలేదే" అంది.

"అప్పుడు ఆరో తరగతి జేజీ" అన్నా. పది ఇరవై ఒకటి. ఇంకా ఆరు పదాలు.

ఇట్లు,
నీ పదిహేనో ఎస్‌ఓపీ