‘నో గ్రోత్’ రిపోర్టు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ ‘నో గ్రోత్’ రిపోర్టు గారికి,

నమస్కారాలు. ఇవాళ రౌండ్స్ మొదలవకముందే తమరు కేస్ షీట్‌లో వేంచేసి ఉన్నారు. ‘48 గంటల ఇంక్యుబేషన్ తర్వాత సూక్ష్మజీవులేవీ పెరగలేదు’ అని అచ్చులో రాసి, కింద గుండ్రటి స్టాంపు, పైన అర్థంకాని సంతకం. ఆ కేస్ షీట్ వేలాడుతున్న మంచం మీదే టిబియాలో, అంటే మోకాలి కింది పెద్ద ఎముకలో, రాడ్డున్న కాలు, మోకాలికి జానెడు కింద చీము కారే కన్నం, పొద్దున మార్చినా అప్పుడే పచ్చగా తడిసిన కట్టు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. చీముకి అబద్ధమాడాల్సిన అవసరం లేదు కాబట్టి అనుమానం తమరి మీదికే పోతోంది.

తమరి వంశవృక్షం ఒకసారి విప్పుకుందాం. రాడ్డు పడుతుంది, కుట్లు విప్పుతారు, గాయం అంచున ఎర్రబడుతుంది. ఊళ్లో ఆర్ఎంపీ గారు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. రసి కాస్త తగ్గి మళ్లీ మొదలవుతుంది. టౌన్లో నర్సింగ్ హోమ్ వారు సెఫ్ట్రియాక్సోన్ ఎక్కిస్తారు. తగ్గకపోతే ఎమికాసిన్ తోడు. అదీ పనిచెయ్యకపోతే పిప్టాజ్. ఆఖరున పెద్దాసుపత్రికి పంపేముందు అల్లుడికి పెట్టిన కొత్తబట్టల్లాగా మెరోపెనెమ్, లినెజోలిడ్. ఇవన్నీ ఒంట్లో తిరుగుతుండగా, అంబులెన్సు దిగిన మర్నాడు, చీములో ఏ పురుగుందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష ఎవరో పుణ్యాత్ముడికి గుర్తొస్తుంది: ‘కల్చర్ పంపారా?’

అలా తమరు అవతరిస్తారు.

ఇందులో అద్భుతమేమీ లేదు. విడిగా తిరిగే బ్యాక్టీరియా మందుకి చస్తుంది. రాడ్డు మీద బయోఫిల్మ్ అనే జిగురు పొర కట్టుకుని దాని కింద కాపురం పెట్టింది చావదు. బయోఫిల్మ్‌లో ఉన్నదాన్ని చంపాలంటే మామూలు మోతాదుకి వెయ్యి రెట్ల దాకా కావాలి. అంత మందు నరంలోకి పంపితే బ్యాక్టీరియా కంటే ముందు కిడ్నీలు పోతాయి. ఇక సీక్వెస్ట్రమ్, అంటే చచ్చిన ఎముక ముక్క. దానికి రక్తనాళమే లేదు. రక్తంలో ప్రయాణించే మందు అక్కడికి ఏ దారిన పోవాలి? కాబట్టి అసలు ముద్దాయి లోపల హాయిగా ఉంటుంది. పైపైన తిరిగేవి చస్తాయి, సగం చచ్చినవి ల్యాబ్‌లో పురుగుల్ని పెంచే అగార్ ప్లేటు మీద లేవలేవు. తమరు ‘ఏమీ లేదు’ అని రాసి పంపుతారు.

సరే, మందు సంగతి అటుంచుదాం. తమరి కోసం పంపిన శాంపిల్ ఏమిటి? దూదిపుల్ల! చర్మం మీది కన్నంలో రెండుసార్లు తిప్పి, గొట్టంలో పెట్టి, సిస్టర్ బల్ల మీద మధ్యాహ్నం దాకా ఎండబెట్టిన దూదిపుల్ల. పీజీ పరీక్షలో ‘దీర్ఘకాలిక ఎముక ఇన్ఫెక్షన్, అంటే ఆస్టియోమైలైటిస్‌లో కల్చర్‌కి సరైన శాంపిల్ ఏది’ అని అడిగితే ‘లోతు ఎముక బయాప్సీ’ మీద టిక్కు పెట్టనివాడు ఈ రెండు రాష్ట్రాల్లో దొరకడు. అదే చెయ్యి మర్నాడు వార్డులో దూదిపుల్ల పట్టుకుంటుంది. కన్నం మూతి దగ్గర ఊరందరూ ఉంటారు. స్టాఫిలోకాకస్ ఆరియస్ పెరిగితే ఎముకలోనూ అదే ఉండే అవకాశం ఎక్కువ, ఆ మేరకు నమ్మొచ్చు. సూడోమొనాసో ఈ.కోలైయో పెరిగిందంటే అది లోపలిదో, పక్కబట్టదో ఎవరికి తెలుసు? దాన్ని నమ్మి ఆరు వారాలు కొలిస్టిన్ అనే ఘాటు యాంటీబయాటిక్ ఎక్కించిన కేసులున్నాయి.

ఇంకొక ముచ్చట. ఎప్పుడైనా ఒకరు మనసు పెట్టి ఆపరేషన్ థియేటర్లో ఎముక ముక్క తీస్తారు. తీసినదంతా ఒకే డబ్బాలో వేస్తారు. ఆ డబ్బాలో ఫార్మాలిన్, ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవం! కణాల్ని మైక్రోస్కోపు కింద చూసే హిస్టోపాథాలజీకి అది అమృతమే. కల్చర్‌కి అదే చితి. రోగిని కోసి, రక్తం పోగొట్టి, సాక్షిని మనమే చంపి, ‘సాక్ష్యం లేదు’ అని తమరి చేత సంతకం పెట్టించుకుంటాం.

ఇంతవరకు మర్యాదగానే రాశాను. ఇక నా వల్ల కాదు.

నువ్వు వచ్చిన ప్రతిసారీ ఏం జరుగుతుందో తెలుసా? ‘కల్చర్ నెగటివ్ కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు’ అని ఒకడు రాడ్డు అలాగే ఉంచేస్తాడు. ‘కల్చర్ నెగటివ్ కాబట్టి అన్నిటికీ వేద్దాం’ అని ఇంకొకడు మూడు మందులు కలుపుతాడు. రెండిటికీ నువ్వే ఆధారం! రోగి పొలం కాగితం తాకట్టు పెట్టి వచ్చాడు. ఏ పురుగో తెలియని జబ్బుకి ఏ మందు, ఎన్ని వారాలు అని ఎలా రాయాలి? లినెజోలిడ్ రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోతాయని వారం వారం రక్తం గుచ్చుతాం, అసలు ఆ మందు అవసరమో కాదో తెలియకుండానే. రిఫాంపిసిన్ ఒక్కటే రాసిన మహానుభావులూ ఉన్నారు. బయోఫిల్మ్ మీద పనిచేసే మందుల్లో మంచిదాన్ని తోడు లేకుండా వాడి, కొన్నాళ్లకే రెసిస్టెన్స్ తెచ్చి పెడతారు. క్షయకీ అదే ముఖ్యమైన మందు, క్షయ ఇంత ఉన్న దేశంలో!

చెయ్యాల్సింది పెద్ద విద్యేమీ కాదు. జ్వరం లేదు, బీపీ బాగుంది, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే సెప్సిస్ లక్షణాల్లేవు. అలాంటి పాత కేసులో మందులన్నీ ఆపి రెండు వారాలు ఆగాలి. బంధువులు కంగారుపడతారు. నిజం చెప్పాలంటే డాక్టర్లే ఎక్కువ కంగారుపడతారు. ఆ తర్వాత థియేటర్లో, మత్తు డాక్టరు చేతిలోని యాంటీబయాటిక్‌ని కాసేపు ఆపించి, కనీసం ఐదు చోట్ల నుంచి ముక్కలు తియ్యాలి: రాడ్డుకి ఎముకకి మధ్య పొర, మజ్జ గొట్టం లోపలి గీకుడు, సీక్వెస్ట్రమ్, ఎముక అతకని చోటు, చుట్టూ చచ్చిన కండ. ప్రతి ముక్కకి కొత్త బ్లేడు, కొత్త ఫోర్సెప్స్. చర్మాన్ని గానీ ఆ కన్నాన్ని గానీ తాకకూడదు. ఒక్కో ముక్క ఒక్కో స్టెరైల్ డబ్బాలో, మీద పేరుతో పాటు ఏ చోటు నుంచి తీశారో కూడా రాసి, రెండు గంటల్లోపు ల్యాబ్‌కి. ఫ్రిజ్‌లో పెట్టి రేపు పంపితే కుదరదు. ఫార్మాలిన్ డబ్బా వేరే, దానికి ముక్కలు వేరే. డబ్బాలన్నీ బల్ల మీదికి వచ్చాక మందు ఎక్కించమనాలి. ఐదింటిలో రెండిటిలో ఒకే పురుగు పెరిగిందా, దొంగ దొరికినట్టే. ఒక్కదానిలోనే చర్మం మీది మామూలు పురుగు కనిపిస్తే దారిలో అంటిందేమో అనుకోవాలి.

ఇక ఆ 48 గంటలు. అంత తొందరేమిటి నీకు? భుజం లోపలి క్యూటిబాక్టీరియం అనే బ్యాక్టీరియా పెరగడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. గొర్రెల మందతో తిరిగే మనిషికి నడుం నొప్పి, జ్వరం ఉంటే పశువుల నుంచి వచ్చే బ్రుసెల్లా అనుమానముందని ల్యాబ్‌కి ముందే చెప్పాలి, చెప్పకపోతే అక్కడ పనిచేసేవాళ్లకే అంటుకుంటుంది. క్షయ పురుగు మామూలు ప్లేటు మీద పెరగనే పెరగదు, దాని మాధ్యమం మీదైనా ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. అయితే అదే ముక్కలో కొంత, క్షయ పురుగు జన్యువుని వెతికే సీబీనాట్‌కి పంపితే పరీక్ష రెండు గంటల్లో పూర్తవుతుంది, రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. వెన్నుపూస చీములో కూడా ఆ పరీక్ష అడగనివాళ్లని ఏమనాలో నాకు తెలియదు. వానలు పడ్డాక షుగరున్న రైతుకి ఎముకలో చీము పడితే మట్టిలోని బ్యాక్టీరియా తెచ్చే మెలియాయిడోసిస్ కావచ్చు. కొన్ని ల్యాబ్‌లు దాన్ని ‘సూడోమొనాస్ జాతి’ అనో ‘కంటామినెంట్’ అనో రాసి పారేస్తాయి. దానికి సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ వారాల తరబడి, ఆపైన కోట్రైమాక్సజోల్ నెలల తరబడి పడాలి. ఏజెన్సీలో సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్న పిల్లల ఎముకల్లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా సంగతి పరీక్షలో అందరికీ గుర్తుంటుంది, రిక్వెస్ట్ ఫారం మీద ‘సికిల్ సెల్’ అని రాయడం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మందు ఆపమన్నానని అన్నిచోట్లా ఆపేవాళ్లూ తయారవుతారు, అందుకని ఒక మాట. ఎముక బయటికొచ్చిన ఫ్రాక్చర్‌కి గంటలోపు యాంటీబయాటిక్ పడాల్సిందే, అప్పుడు కల్చర్ కోసం ఎవరూ ఆగక్కర్లేదు. జ్వరంతో కాలు కింద పెట్టని పిల్లాడికి రక్తం కల్చర్‌కి తీసి, వీలైతే చీము కూడా లాగి, వెంటనే మొదలుపెట్టాలి. మూడో రోజు ఎక్స్‌రే నార్మల్ అని వాణ్ని ఇంటికి పంపే పెద్దమనుషులకి వేరే ఉత్తరం రాస్తాను. ఎముకలో ఖనిజం మూడోవంతైనా పోతేగానీ ఎక్స్‌రేకి కళ్లు తెరుచుకోవు, దానికి పది రోజుల పైన పడుతుంది. ఇక విరిగిన ఎముకని బయట నుంచి పట్టి ఉంచే ఫిక్సేటర్ పెట్టుకుని వార్డు బయట బీడీ కాల్చే అన్నయ్యలకి ఏం రాసినా లాభం లేదు.

కోపం కొంచెం దిగింది. మళ్లీ ‘మీరు’ అంటాను, ఎందుకంటే ఇందులో మీ తప్పు తక్కువ. మీరు మీకిచ్చిన దూదిపుల్ల గురించి నిజమే చెప్పారు. ఎముక గురించి మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

మీ అవసరం లేదనడం లేదు. చచ్చిన ఎముకంతా చెక్కి, తెగిన అంచున రక్తం చుక్కలు చుక్కలుగా ఊరేదాకా వెళ్లి, ఖాళీలో యాంటీబయాటిక్ సిమెంటు పెట్టి, ఆరు వారాలకి దాని చుట్టూ పొర కట్టాక మీ కోసమే చూస్తాం. అప్పుడు రండి. మందు ఆపి రెండు వారాలయ్యాక తీసిన ఐదు ముక్కలకి ఐదు రిపోర్టులుగా, 14 రోజులు ఉంచి చూశాక, పక్కన హిస్టోపాథాలజీలో న్యూట్రోఫిల్స్, అంటే చీము కణాలు, లేవన్న కాగితాన్ని వెంటబెట్టుకుని రండి. అలా వస్తే మారుమాట్లాడకుండా ఆ ఖాళీలో నింపడానికి తుంటి ఎముక నుంచి గ్రాఫ్ట్ తీస్తాను.

దూదిపుల్ల మీద వస్తే మాత్రం చించేస్తాను.

ఇట్లు,
ఒక ఎముకల డాక్టరు