పుల్లలే సాక్షులు

సింగపూర్‌లో బూన్ టాట్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. పగలంతా బ్యాంకుల వాళ్ళు టైలు కట్టుకుని తిరిగే చోటు. సాయంత్రమైతే కార్లను ఆపేస్తారు, నడిరోడ్డు మీద బల్లలు వేస్తారు, బొగ్గులు రాజేస్తారు. మన దగ్గర రోడ్డు మూయాలంటే మంత్రిగారు రావాలి. అక్కడ కోడిముక్క వస్తే చాలు.

ఆ కోడిముక్క పేరు సాటే. పసుపు, ధనియాలు, నిమ్మగడ్డి పట్టించి, పుల్లకు గుచ్చి, నిప్పుల మీద కాలుస్తారు. పాతకాలంలో ఆ పుల్ల కొబ్బరి ఈనె. అదే ఈనెను మనం తరతరాలుగా చీపురు కట్టి దుమ్ము తినిపించాం. ఇది చారిత్రక తప్పిదమని నా నిశ్చితాభిప్రాయం.

పక్కన వేరుశనగ సాస్ ఇస్తారు. అందులో వేలు ముంచి "ఇది మన పల్లీ చట్నీయే కదండీ" అనని తెలుగువాణ్ణి నేనింకా చూడలేదు. అసలు వేరుశనగే దక్షిణ అమెరికా నుంచి ఓడెక్కి వచ్చింది కాబట్టి ఈ తగాదాలో వాళ్ళకెంత హక్కుందో మనకూ అంతే ఉంది. అంటే ఏమీ లేదు.

మనూళ్ళో బజ్జీల బండి దగ్గర ఆగితే "ఆ నూనె ఎన్నాళ్ళదో" అని ముక్కు మూసుకునే పెద్దమనిషి ఇక్కడ పొగలో కూర్చుని, కళ్ళు మండుతున్నా కదలడు. ఆయన్ని తప్పు పట్టకండి. సింగపూర్ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. కాబట్టి ఆయన తినడం లేదు, వారసత్వాన్ని కాపాడుతున్నాడు. బజ్జీకి ఇంకా ఆ కాగితం రాలేదు, అంతే తేడా.

అయితే సాటే అసలు మహిమ రుచిలో లేదు, పుల్లలో ఉంది. ప్లేటు బిర్యానీ ముందు పెడితే మనిషికి షుగరు, బీపీ, డాక్టరుగారి ముఖం వరసగా గుర్తొస్తాయి. పుల్ల చూస్తే ఏదీ గుర్తు రాదు. నాలుగు చిన్న ముక్కలు, "ఒక్కటే కదా" అనిపిస్తుంది. ఒక్కటే కదా అని పదిసార్లు అనుకోవచ్చు, ఎవరూ అడగరు.

అడిగేది పుల్లలే. ముక్క కడుపులోకి పోయినా పుల్ల బల్ల మీదే ఉండిపోతుంది. మలేషియాలోని మలక్కాలో సాటే చెలుప్ అని ఇంకో రకం ఉంది. బల్ల మధ్యలో వేరుశనగ పులుసు కుతకుతా ఉడుకుతుంటుంది, పుల్లలు మనమే ముంచుకుని తినాలి. చివర్లో వాళ్ళు వచ్చి ఖాళీ పుల్లలు లెక్కపెట్టి బిల్లు వేస్తారు. ఇంత నిజాయితీ గల సాక్షి ఏ కోర్టులోనూ దొరకదు.

మొన్న బూన్ టాట్ స్ట్రీట్‌లో మా ఆవిడ అలాగే లెక్కపెట్టింది. నా పళ్ళెంలో నాలుగు పుల్లలు. బావగారి పళ్ళెంలో పంతొమ్మిది.

"చూశావా, ఎంత అదుపులో ఉన్నానో" అన్నాను.

ఆ రోజు శనివారం. బావగారు నీసు ముట్టరు.