హత్యా నవలకు షరతులతో బెయిల్

“మొదటి రెండొందల పేజీలు ఎట్లనో అట్ల లాగెయ్ మామా, తర్వాత కింద పెట్టవు” అనే మనుషుల మీద పెట్టడానికి మన చట్టంలో సెక్షన్ లేకపోవడం పెద్ద లోటు. సగంలో వదిలేసిన పుస్తకం ఏదైనా సరే, వాళ్ల తీర్పు ఒక్కటే: తప్పు పుస్తకానిది కాదు, నీ ఓపికది. మా అల్లుడూ ఆ బాపతే. వాడి పోరు పడలేక, అల్మారాలో శిక్ష అనుభవిస్తున్న ఒక ఇంగ్లిషు ఫాంటసీ మర్డర్ మిస్టరీకి మొన్నీమధ్య షరతులతో కూడిన బెయిల్ మంజూరు చేశాను. మ్యాపు చూడమని పాఠకుణ్ణి మాటిమాటికీ మొదటి పేజీకి తిప్పి పంపరాదు. ఆధారాలు దాచరాదు. చివరి అధ్యాయంలో కొత్త మంత్రం పుట్టించరాదు. మూడింటినీ ఉల్లంఘించింది.

కథ చిన్నదే, పుస్తకమే లావు. కోటలో దీపాలు వెలిగించే పిల్ల తెల్లారేసరికి శవమై కనిపిస్తుంది. హంతకుణ్ణి పట్టుకోవడానికి ఆస్థాన మాంత్రికుడు దిగుతాడు. ఈయనకు చచ్చినవాళ్లతో మాట్లాడే విద్య వచ్చని మొదట్లోనే చెబుతారు. మరి శవం పక్కనే నిలబడి “నిన్నెవరు చంపారమ్మా” అని అడగొచ్చు కదా? అడగడు. అడిగితే పుస్తకం అక్కడికే అయిపోతుంది, ఇంకో రెండు భాగాలు ఎవరికి అమ్మాలి?

ఇదే హత్య మన హన్మకొండ చౌరస్తాలో జరిగిందనుకోండి. ఎస్సై వస్తాడు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194వ సెక్షన్ కింద శవ పంచనామా మొదలవుతుంది. (పాత సీఆర్‌పీసీలో ఇదే 174. 2024 జూలై నుంచి నంబరు మారింది, పంచులుగా, అంటే సాక్షులుగా, దొరికే మనుషులు మారలేదు.) ఒక చాయ్ బండాయననూ, బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దాయననూ పట్టుకొస్తారు. పక్కన మంత్రదండంతో మన మాంత్రికుడు.

“సార్, మీకు పీనుగతోని మాట్లాడొస్తదట గద, జర అడుగుర్రి” అంటాడు చాయ్ బండాయన.

“ఇవాళ ఆకాశంలో ఇద్దరు చంద్రులే ఉన్నారు. మూడో చంద్రుడు ఉదయించాలి.”

“ఎప్పుడొస్తడు సార్?”

“మూడో భాగంలో.”

ఎస్సై అనుమానితుణ్ణి పిలిపిస్తాడు. హత్య టైముకు కాజీపేట జంక్షన్‌లో ఉన్నానంటూ వాడు ప్లాట్‌ఫాం టికెట్ తీస్తాడు. మామూలు నవలలో ఆ టికెట్టు బంగారం. ఇక్కడ చిత్తు కాగితం, ఎందుకంటే కాజీపేటలో మాయమై ఏనుమాముల మిర్చి యార్డులో తేలే విద్య వాడికి వచ్చు. సీసీ కెమెరా తిప్పి చూస్తే అందులో ఎస్సై మొహమే ఉంది. రూపం మార్చే ఉంగరం మహిమ. తనను తాను అరెస్టు చేసుకోవచ్చా అని ఎస్సై పైవాళ్లకు ఫోన్ చేస్తాడు. ఈలోగా పెద్దాయన బస్సు వెళ్లిపోతుంది. “నేనెక్కడ సంతకం పెట్టాలె బిడ్డా” అని ఆయన బతిమాలుతుంటే, మాంత్రికుడు గొంతు సవరించుకుని రాజుగారి వంశవృక్షం అందుకుంటాడు. ఏడు తరాలు. అందులో నలుగురికి ఒకటే పేరు.

1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండ్ ఫాదరీ డిటెక్టివ్ కథలకు పది ఆజ్ఞలు రాశాడు. మానవాతీత శక్తులు కుదరవన్నాడు, రహస్య గదైనా దారైనా ఒకటికి మించొద్దన్నాడు. వెయ్యి స్తంభాల గుడి నుంచి ఓరుగల్లు కోట దాకా సొరంగం ఉందని మన దగ్గర గట్టిగా చెప్పేవాళ్లున్నారు. ఒకటే కాబట్టి ఆయన మనల్ని క్షమించేవాడు. ఈ నవల కోటలో సొరంగాలు లెక్కపెట్టాలంటే సర్వేయర్‌ను పిలవాలి.

అలాగని మంత్రాలంటే మనకు ఎలర్జీ ఏం లేదు. బేతాళుడు శవంలో దూరిన దయ్యమే, అయినా ఎంత నిజాయితీ గల దయ్యం! కథ మొత్తం చెప్పాకే ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని రూలు ముందే ప్రకటిస్తాడు. “విక్రమార్కా, చెప్పడం మరిచాను, ఆ మంత్రికి మూడో కన్నుంది” అని ఏనాడూ అనలేదు.

సరే, మోసం అలవాటే. ఆ పిల్ల సంగతే మింగుడు పడటం లేదు. ఆమెకు పేరు లేదు. రాజుగారి డేగకు పేరుంది, కత్తికి పేరుంది, ఆ కత్తి ఒరకు కూడా పేరుంది. ఆమె తల్లి ఎక్కడుంది, జీతం బాకీ ఎంత, రాత్రి ఎవరికి భయపడింది, ఒక్కడూ అడగడు. చివరికి ఏం తేలుస్తారంటే, రాకుమారుడికి విద్య సిద్ధించడానికి ఆ చావు అవసరమట! హంతకుడు కన్నీళ్లతో క్షమాపణ చెబుతాడు. ఎవరికి? రాకుమారుడికి. థూ! పేదింటి ఆడపిల్ల చస్తే “అనుమానాస్పద మృతి” అని రాసి ఫైలు మూసెయ్యడం బయట చాలదా, కల్పించిన లోకంలో కూడా అదేనా? ముగ్గురు చంద్రుల్ని ఊహించిన మనిషికి ఒక పిల్లకు పేరు పెట్టడం చేతకాలేదా? కాకతీయ సైన్యంతో పోరాడి ప్రాణాలిచ్చారని జనం చెప్పుకునే సమ్మక్క, సారలమ్మల కోసం రెండేళ్లకోసారి మేడారం పోయే నేల ఇది. వాళ్లను చంపిన సేనాపతి పేరు ఇక్కడ ఎవడిక్కావాలి?

మా అల్లుడు మాత్రం పట్టు వదల్లేదు. ఆ పిల్లకు రెండో భాగంలో న్యాయం జరుగుతుందట. దయ్యమై తిరిగొస్తుందట, చీకటి సొరంగాల్లో రాకుమారుడి ముందు దీపం పట్టుకుని నడవడానికి. చచ్చినా డ్యూటీ తప్పలేదు.